నిలువ నీడ లేనివాళ్ల కోసం సముద్రం దాటాలనుకుంటే

“అక్కా, ఇంగ్లండులో సోషల్ వర్కర్ ఉద్యోగాలు పడినాయంట. పన్నెండు లక్షలు కడితే వీసా చేతికిస్తామంటాండారు. పోవచ్చునా?”

ఆదోని నుంచి ఒక పిల్లవాడు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్కులో పీజీ చదివాడు. చదువుకునే రోజుల్లో ఫీల్డ్ వర్క్ కోసం కర్నూలు పాత బస్టాండు దగ్గర రాత్రిపూట నిలువ నీడ లేనివాళ్లను వెతికే మాతో తిరిగేవాడు. దుప్పటి ఇచ్చి ముందుకు పోవడం అతని పద్ధతి కాదు. ప్రతి మనిషి పక్కనా చతికిలబడి, ఊరేది, ఇంట్లో ఎవరున్నారు, కాలికి ఆ దెబ్బ ఎట్లా తగిలింది అని అడిగి పుస్తకంలో రాసుకునేవాడు. వాళ్లమ్మా నాన్నా ఏటా సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఆ ఇంట్లో పన్నెండు లక్షలంటే ఉన్న రెండెకరాలూ తెగనమ్మడమే.

ఆ ప్రకటన నాకు పంపమన్నాను. చదివితే అందులో ఉన్నది సోషల్ వర్కర్ ఉద్యోగం కాదు. ముసలివాళ్ల ఇళ్లకు పోయి స్నానం చేయించి, బట్టలు మార్చి, వేళకు మందులిచ్చే కేర్ వర్కర్ పని. గౌరవమైన పనే. కానీ ఆ పనికి విదేశాల నుంచి కొత్తగా మనుషులను తీసుకోవడాన్ని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలై 22 నుంచి ఆపేసింది. గోడ కట్టేసిన చోట వాకిలి ఉందని చెప్పి తాళంచెవి అమ్ముతున్నారన్నమాట.

ఇట్లాంటి ఫోన్లు నాకు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంటు, సోషల్ వర్కు చదివిన పిల్లలు, కడపలో నర్సింగు పూర్తి చేసినవాళ్లు, ఏ డిగ్రీ అయినా మనసు మాత్రం ఇటువైపు లాగేవాళ్లు. వాళ్ల కోరికను నేను కొంచెం కూడా తక్కువ చేయను. చిక్కంతా ఎక్కడుందంటే, పని వేరు, పేరు వేరు, వీసా వేరు. ఈ మూడూ ఒకటేననుకున్న క్షణంలోనే ఏజెంటు మాట నిజంగా కనబడుతుంది.

పేరు ఎవరిది?

మన వైపు సంఘసేవకుడు అనే పేరు జనం ఇచ్చేది. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టించిన శెట్టిగారికీ, దిక్కులేని శవానికి అంత్యక్రియలు చేయించే ఆటో అన్నకూ ఆ పేరు దక్కుతుంది. 1866 కరువులో ఉయ్యాలవాడలో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని నీ అర్హత ఏమిటని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు.

ఇంగ్లండులో అట్లా కాదు. 2005 నుంచి అక్కడ ‘సోషల్ వర్కర్’ అనేది చట్టం కాపలా కాసే పేరు. రిజిస్టరు కాకుండా ఆ పేరు పెట్టుకోవడం నేరం. 2019 డిసెంబరు నుంచి ఆ రిజిస్టరు ‘సోషల్ వర్క్ ఇంగ్లండ్’ అనే సంస్థ చూస్తోంది. స్కాట్లండుకు, వేల్సుకు, ఉత్తర ఐర్లండుకు వేరువేరు సంస్థలు. ఐర్లండు దేశంలో ‘కోరు’ అనే సంస్థ. న్యూజీలండులో 2021 ఫిబ్రవరి నుంచి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. అమెరికా, కెనడాల్లో దేశమంతటికీ ఒకే లైసెన్సు ఉండదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. జర్మనీలోనూ గుర్తింపు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వాలే.

ఆ రిజిస్టర్డ్ సోషల్ వర్కర్లు రోజంతా చేసేదేమిటి? ఎక్కువమంది పని పిల్లల రక్షణ. ఒక బిడ్డ ఆ ఇంట్లో ఉండడం క్షేమమా కాదా అని తేల్చి, అవసరమైతే కోర్టుకు రాయడం. తర్వాత వయసు పైబడినవాళ్లకు, వికలాంగులకు ఏ సాయం కావాలో మదింపు చేయడం, మానసిక ఆరోగ్య చట్టం కింద నిర్ణయాల్లో పాలుపంచుకోవడం. వీధిలో పడుకున్న మనిషి దగ్గరికి తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని పోయేది చాలాసార్లు వీళ్లు కాదు. ఔట్‌రీచ్ వర్కర్, సపోర్ట్ వర్కర్, హాస్టల్ వర్కర్ అనే పేర్లతో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు. హాస్టల్ అంటే అక్కడ ఇల్లు లేనివాళ్లుండే వసతి. మునిసిపాలిటీలాంటి కౌన్సిల్‌లో కూర్చుని ఇంటి దరఖాస్తు చూసేది హౌసింగ్ ఆఫీసరు.

అసలు ముడి ఇక్కడుంది. మా ఆదోని పిల్లవాడు కోరుకునే పని సపోర్ట్ వర్కర్ పని. ఆ పనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ దాని మీద నైపుణ్య వీసా ఇవ్వరు. ఆ స్థాయి ఉద్యోగాలు ఇప్పుడు వీసాకు పెట్టిన నైపుణ్యం గీటుకు కింద ఉన్నాయి. సోషల్ వర్కర్‌కు వీసా ఉంది, కానీ రిజిస్ట్రేషన్ కావాలి, చేతికొచ్చే పని కూడా వేరే రకం. మనసున్న పనికి వీసా లేదు, వీసా ఉన్న పని మనం మొదట అనుకున్నది కాదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే చాలామంది దారి అక్కడే మారుతుంది.

కడప జిల్లావాళ్లకు ఇది అర్థం చేయించడం తేలిక. ఇంటిపనికిచ్చే ఇరవై నెంబరు వీసా మీద కువైట్ పోయి కంపెనీ పని చేస్తూ పట్టుబడితే ఏమవుతుందో రాజంపేట, రాయచోటి వైపు ఇంటింటికీ తెలుసు. వీసా కాగితం మీద ఏ పని రాసి ఉందో ఆ పనే చేయాలి. లండనైనా అంతే.

ఇల్లు లేకపోవడం అంటే

రెండో ముడి, ఇల్లు లేనివాళ్లు అనే మాటే. ఇది పుస్తకాల చర్చ అనిపించవచ్చు గానీ, అక్కడ మొదటి రోజు ఇంటర్వ్యూలో తడబడేది ఇక్కడే.

మన జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లంటే ఆరుబయట ఉండేవాళ్లు. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, సిమెంటు తూముల్లో, వంతెనల కింద, మెట్ల కింద, గుడి మంటపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద. 2011లో అట్లా లెక్కకొచ్చినవాళ్లు దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు. గుంతకల్లు జంక్షన్లో పడుకున్న మనిషి ఈ లెక్కలోకి వస్తాడు. మంత్రాలయంలో మఠం దగ్గర పిల్లలు వదిలిపెట్టిపోయిన ముసలామె వస్తుంది. కడప పెద్ద దర్గా పక్కన ఏళ్లతరబడి ఉండిపోయినవాళ్లు వస్తారు. కానీ మొగుడు కొడితే బిడ్డనెత్తుకుని వచ్చి, అన్న ఇంటి పంచలో ఆరు నెలలుగా పడుకునే ఆడమనిషి? ఆమె మన లెక్కలో ఇల్లున్న మనిషే.

ఐరోపాలో వాడే వర్గీకరణలో ఆమె ఇల్లు లేని మనిషి. 2005లో అక్కడి సంస్థల సమాఖ్య ఫియాంట్సా తయారుచేసిన ‘ఈథోస్’ పట్టిక నాలుగు అరలు పెట్టింది. పైకప్పే లేనివాళ్లు, కప్పు ఉన్నా ఇల్లు లేక షెల్టర్లలో ఉండేవాళ్లు, ఎప్పుడు గెంటేస్తారో తెలియనివాళ్లు, మనుషులుండదగని చోట ఉండేవాళ్లు. ఆ ఆడమనిషి మూడో అరలోకి వస్తుంది. ఇంకొంచెం ఆలోచిస్తే సుగ్గి కాలంలో గుంటూరు చేలల గట్ల మీద పట్టలు కప్పుకుని రెండు నెలలు గడిపే మన కోసిగి, పెద్దకడబూరు కుటుంబాలు నాలుగో అరలో ఉంటాయి. వాళ్లకు సొంతూళ్లో ఇల్లుంది, తాళం కూడా ఉంది. ఆ పట్టికను మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు దాన్ని పక్కన పెట్టలేకపోయాను. అప్పటిదాకా మేం రాత్రి టార్చిలైటు వేసి వెతికింది మొదటి అరలోని మనుషులనే.

‘వల్నరబుల్’ అనే మాట మరీ చిక్కు. మనం బలహీనులు, నిస్సహాయులు అని మామూలుగా అనేస్తాం. ఇంగ్లండులో అది చట్టంలో ఉన్న మాట. అక్కడ 1977లోనే ఇల్లు లేనివాళ్లకు ఇల్లు చూపించే బాధ్యతను కౌన్సిళ్ల మీద పెట్టిన చట్టం వచ్చింది. అయితే అందరికీ కాదు. గర్భిణులు, చిన్నపిల్లలున్నవాళ్లు, వయసు వల్లో, మానసిక వ్యాధి వల్లో, వైకల్యం వల్లో ‘వల్నరబుల్’ అయినవాళ్లు ముందు వరస. ఒంటరిగా ఉన్న ఆరోగ్యవంతుడైన మగవాడు ఆ వరసలో ఉండడు. మరి ఎవరితో పోల్చి ఒక మనిషిని బలహీనుడనాలి? 2015లో హోటక్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. ఇప్పటికే వీధిలో ఉన్నవాళ్లతో పోల్చకూడదు, మామూలు మనిషి ఒకడికి ఇల్లు పోతే ఎట్లా ఉంటాడో అతనితో పోల్చాలి. చిన్న తేడాలా కనిపిస్తుంది. వీధిలో ఉన్నవాళ్లలో రోగమూ, వ్యసనమూ ఎక్కువ. వాళ్లతో పోలిస్తే ఏ రోగి అయినా మామూలుగానే కనబడి గడప దగ్గరే ఆగిపోతాడు. పోలిక మారితే ఇల్లు దొరుకుతుంది.

స్కాట్లండు ఈ ముందు వరస, వెనక వరస తేడానే 2012 చివరికి తీసేసింది. ఇంగ్లండులో 2017 చట్టం వచ్చాక, 56 రోజుల్లో ఇల్లు పోయే ప్రమాదం ఉన్నవాళ్లకు సాయం చేయడం కూడా కౌన్సిల్ బాధ్యత అయింది. కాబట్టి అక్కడ సపోర్ట్ వర్కర్ పనిలో పెద్ద భాగం కాగితాలు. ఏ తేదీన ఇల్లు ఖాళీ చేయమన్నారు, డాక్టరు ఏం రాశాడు, ఆ మనిషికి ఆ ఊరితో సంబంధం ఉందని ఎట్లా చూపించాలి. జాలి గుండెలో ఉండాలి, కానీ ఆ మనిషికి ఇల్లు తెచ్చిపెట్టేది సరిగ్గా రాసిన ఆ ఉత్తరం.

మన దగ్గర హక్కు వేరే దారిలో వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు, లక్ష జనాభాకు ఒక షెల్టరు చొప్పున ఏడాది పొడుగునా తెరిచి ఉంచాలంది. 2013 తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద అది పథకమైంది. నాలుగు లక్షలు దాటిన కర్నూలుకు ఆ లెక్కన నాలుగు షెల్టర్లు ఉండాలి. మనం అడగగలిగేది రాత్రికి చాప, కప్పు. అక్కడ అడిగేది తాళంచెవి ఉన్న ఇల్లు.

ఆ తాళంచెవి మాటను చివరిదాకా తీసుకెళ్లింది ‘హౌసింగ్ ఫస్ట్’. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి. అంతకుముందు వరస ఇట్లా ఉండేది: తాగుడు మానెయ్, మందులు వేసుకో, షెల్టర్లో బుద్ధిగా ఉండు, ఆ తర్వాత ఇల్లిస్తాం. ఆయన దాన్ని తిరగేశాడు. ముందు ఇల్లు, ఏ షరతూ లేకుండా. మిగతావన్నీ ఆ ఇంట్లో ఉంటూనే నెమ్మదిగా. 2008 నుంచి ఫిన్లండు దీన్ని దేశ విధానంగా పట్టుకుంది. 2023 చివరికి అక్కడ ఇల్లు లేనివాళ్లు మూడున్నర వేల లోపుకు దిగారు. అమెరికాలో 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కపెడితే 7 లక్షల 70 వేలు దాటారు. పద్ధతి పుట్టిన దేశంలోనే అంతమంది ఎందుకున్నారంటే, ముందు ఇల్లు ఇవ్వాలంటే ముందు ఇళ్లుండాలి. ఫిన్లండు కట్టించింది, కొన్నది, పాత షెల్టర్లను అద్దె ఇళ్లుగా మార్చింది.

నేను పనిచేసిన షెల్టర్లో తాగి వచ్చినవాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. మిగతావాళ్లు భయపడతారని. ఆ కారణం అబద్ధం కాదు. కానీ అట్లా వెనక్కి పంపిన ఒకాయన తెల్లారేసరికి తుంగభద్ర ఒడ్డున చలికి కొయ్యబారి కనిపించాడు. ప్రాణం నిలిచింది. ఆ రోజు నుంచి ఆ నియమం నాకు మింగుడు పడలేదు.

మనకు అలవాటు లేని దూరం

మన పిల్లలు అక్కడ కష్టపడేది ఇంగ్లీషు దగ్గర కంటే ఈ విషయం దగ్గర. మనం పెద్దవాళ్లను తాతా అంటాం, అవ్వా అంటాం. చేయి పట్టుకుంటాం. జేబులో ఉన్న యాభై రూపాయలు ఇచ్చేస్తాం. మరీ బాగలేకపోతే ఇంటికి తీసుకుపోయి అన్నం పెడతాం. అక్కడ హాస్టల్ ఉద్యోగి ఇవేవీ చేయకూడదు. సొంత డబ్బు ఇవ్వకూడదు, సొంత ఫోన్ నెంబరు ఇవ్వకూడదు, ఇంటికి తీసుకుపోకూడదు. ప్రతి మాటా, ప్రతి సంఘటనా ఆ రోజే రాయాలి. నా దగ్గర ఫీల్డ్ వర్క్ చేసిపోయిన ఒక అమ్మాయి ఇంగ్లండు నుంచి మొదటి నెలలో ఫోన్ చేసి ఏడ్చింది. “అక్కా, ఆయన ఆకలంటాండాడు, నా టిఫిన్ డబ్బా ఇస్తే మేనేజరు పిలిచి తప్పు పట్టింది.”

నేను మొదట ఆ మేనేజరు మీదే కోపపడ్డాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆకలేసిన మనిషికి డబ్బా ఇవ్వడంలో తప్పు లేదు. కానీ ఇచ్చే చేతికి అధికారం ఉంది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి మానాలో ఆ చేతి ఇష్టం. తీసుకునే మనిషికి కాదనే బలం లేదు. ఆ బలం లేని చోట అభిమానం ఎప్పుడు వాడుకోవడంగా మారుతుందో బయటికి కనిపించదు. 2010 భూకంపం తర్వాత హైతీలో సాయానికి పోయిన ఆక్స్‌ఫామ్ అనే బ్రిటన్ సేవా సంస్థ సిబ్బందిలో కొందరు అక్కడి ఆడవాళ్లను లైంగికంగా వాడుకున్న సంగతి 2018లో లోకానికి తెలిసింది. వాళ్లూ సేవకే పోయారు.

అందుకే నేర చరిత్ర తనిఖీ. బ్రిటన్‌లో డీబీఎస్ అంటారు, ఐర్లండులో గార్డా వెటింగ్. మన వైపు నుంచి పాస్‌పోర్టు సేవా కేంద్రం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. పాత యజమానుల ఉత్తరాలు, రిజిస్ట్రేషన్, భాషా పరీక్ష ఇవన్నీ కలిపి చూసి మన పిల్లలు “మమ్మల్ని రానీకుండా పెట్టిన అడ్డుకట్టలు” అంటారు. కొన్ని నిజంగా అట్లాంటివే, వీసా ఖర్చులు ముఖ్యంగా. కానీ తనిఖీలు మాత్రం ఆ వీధిలో పడుకున్న మనిషికి పెట్టిన కాపలా. ఆ కాపలాను డబ్బుతో దాటిస్తామనేవాడు నిన్నే కాదు, నువ్వు సాయం చేయాలనుకున్న మనిషిని కూడా మోసం చేస్తున్నాడు.

ఉన్న దారులు

జీతం లేకుండా పనిచేయడానికి బ్రిటన్‌లో చారిటీ వర్కర్ వీసా ఉంది. అనుమతి ఉన్న సంస్థ స్పాన్సర్ చేయాలి. గరిష్ఠంగా 12 నెలలు. జీతం తీసుకోకూడదు, న్యాయమైన ఖర్చులు మాత్రం సంస్థ ఇవ్వవచ్చు. సంస్థ భరోసా ఇవ్వకపోతే ఖాతాలో 1,270 పౌండ్లు 28 రోజులు కదలకుండా ఉండాలి. చూడటానికి పోయే విజిటర్ వీసా మీదైతే రిజిస్టరైన చారిటీలో 30 రోజులకు మించి సేవ చేయకూడదు, అదీ ప్రయాణానికి అసలు కారణం కాకూడదు. ఒక నెలకోసం పోవడం మీద నా అభిప్రాయం కటువుగా ఉంటుంది. వీధిలో ఉన్న మనిషి నమ్మకం కుదిరి పేరు చెప్పడానికే నెల పడుతుంది. పేరు చెప్పిన రోజు నువ్వు విమానం ఎక్కుతావు. నేర్చుకోవడానికి పోతున్నానని ఒప్పుకుని పోతే పర్లేదు.

జర్మనీలో దారి కాస్త వెడల్పు. 27 ఏళ్లలోపువాళ్లకు ‘స్వచ్ఛంద సామాజిక సంవత్సరం’ అనే పథకం ఉంది, ఎఫ్.ఎస్.జె. అంటారు. నిర్బంధ సైనిక సేవ ఆపేశాక 2011లో అన్ని వయసులవాళ్లకూ సమాఖ్య స్వచ్ఛంద సేవ తెచ్చారు. వృద్ధాశ్రమాలు, వికలాంగుల ఇళ్లు, ఇల్లు లేనివాళ్ల కేంద్రాలు ఇట్లాంటి చోట మామూలుగా ఏడాది పాటు పూర్తికాలం పని. చేతిఖర్చు డబ్బు, బీమా ఇస్తారు, చాలాచోట్ల గదీ భోజనమూ కూడా. జీతం కాదు, ఇంటికి పంపడానికి మిగలదు. జర్మన్ రావాలి. అనంతపురంలో ఆర్.డీ.టీ. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) పల్లె పిల్లలకు విదేశీ భాషలు నేర్పే బడి నడిపింది, బెంగళూరులో జర్మన్ నేర్పే మాక్స్ ముల్లర్ భవన్ ఉంది. మొదటి దరఖాస్తు కంటే ముందు భాష మొదలుపెట్టినవాళ్లే నిలబడటం నేను చూశాను.

ఇక రిజిస్టర్డ్ సోషల్ వర్కర్ కావాలనుకునేవాళ్లు. ఇక్కడి డిగ్రీతో నేరుగా దరఖాస్తు చేయవచ్చు, లేదా అక్కడే చదవవచ్చు. అక్కడ చదివేటప్పుడు ఒక గుంత ఉంది. ‘ఇంటర్నేషనల్ సోషల్ వర్క్’, ‘సోషల్ డెవలప్‌మెంట్’, ‘సోషల్ పాలసీ’ ఇట్లాంటి పేర్లతో ఉండే కోర్సులన్నీ రిజిస్ట్రేషన్‌కు పనికిరావు. ఆ దేశపు నియంత్రణ సంస్థ ఆమోదించిన కోర్సుల జాబితాలో ఆ పేరు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోవాలి. లక్షలు అప్పుచేసి చదివి వచ్చాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఇక్కడి డిగ్రీతో పోతే ఎదురయ్యే ప్రశ్న, “మీ దేశంలో మీరు ఏ కౌన్సిల్లో రిజిస్టరయ్యారు?” మనకు డాక్టర్లకు, వకీళ్లకు ఉన్నట్టు సోషల్ వర్కర్లందరికీ చట్టబద్ధమైన జాతీయ కౌన్సిల్ లేదు. 1936లో బొంబాయిలో టాటా సంస్థ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ చదువు మన దగ్గర ఉంది, కానీ లైసెన్సు రాలేదు. ఆసుపత్రుల్లో పనిచేసే మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను మాత్రం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో చేర్చింది. కౌన్సిల్ లేదని చెప్పడం తప్పు కాదు, దాచడం తప్పు. దాని బదులు వాళ్లు చూసేది నీ చదువు లోపలి సరుకు. ఏ పేపర్లు చదివావు, ఫీల్డ్ వర్క్ ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో. ఆస్ట్రేలియాలో వలసకు మదింపు చేసే సోషల్ వర్కర్ల సంఘమైతే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష నాలుగు భాగాల్లో ప్రతి ఒక్కదానిలో 7 అడుగుతుంది.

ఇక్కడే మన పిల్లలు అన్యాయమైపోతారు. మనసు పెట్టి రెండేళ్లు తిరుగుతారు, కాగితం ఉండదు. వారానికి రెండు రోజుల చొప్పున చేసిన ఫీల్డ్ వర్క్ మార్కుల జాబితాలో ఒక్క అంకెగా మిగిలిపోతుంది. ఐదేళ్ల తర్వాత అడిగితే అప్పటి సార్ రిటైరై ఉంటారు, డైరీలు చెదలు తిని ఉంటాయి. చదువు పూర్తయిన నెలలోనే గంటల లెక్కతో డిపార్ట్‌మెంటు ఉత్తరం, యూనివర్సిటీ ముద్రతో సిలబస్, పర్యవేక్షకుల సంతకం తీసి పెట్టుకోండి. అవి ఈ ప్రయాణంలో బంగారం.

గల్ఫ్ గురించి కొద్దిగా. కడప జిల్లా ఆడవాళ్లు ఇంటిపనికి పోయి, దెబ్బలు తిని, జీతం రాక పారిపోయి కువైట్‌లో మన రాయబార కార్యాలయం షెల్టరుకు చేరుతుంటారు. వాళ్లకు టికెట్టుకూ వైద్యానికీ వాడే ప్రవాసుల సంక్షేమ నిధి 2009 నుంచి ఉంది. అక్కడ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు, పోలీసు స్టేషన్లోనో ఆసుపత్రిలోనో ఆమె మాటను తెలుగు నుంచి అరబీలోకి చెప్పిపెట్టడం కంటే పెద్ద సోషల్ వర్క్ నాకు తెలియదు. అయితే కువైట్, యూఏఈ లాంటి చోట్ల అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. మంచి ఉద్దేశంతో వాట్సాప్‌లో చందా అడిగి చిక్కుల్లో పడకూడదు.

పన్నెండు లక్షలు

విదేశాల్లో ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్లో పేరు కొడితే ఉందో లేదో తెలుస్తుంది. అతను మన దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. దాని పక్కన పన్నెండు లక్షలు పెట్టి చూడండి.

ఆ డబ్బు పోవడం ఒక నష్టం. పోయాక జరిగేది ఇంకా పెద్దది. బ్రిటన్‌లో తాత్కాలిక వీసాల మీద ఎక్కువగా ‘ప్రభుత్వ నిధుల సాయం వర్తించదు’ అని రాసి ఉంటుంది. పని ఇచ్చిన సంస్థ మూతపడినా, దాని లైసెన్సు రద్దయినా మామూలుగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. దొరక్కపోతే అద్దె కట్టలేరు. పైన చెప్పిన కౌన్సిల్, 56 రోజులు, ముందు వరస, అవేవీ వాళ్లకు వర్తించవు. ఏజెంటుకు పొలం అమ్మి కట్టి పోయిన మనిషి, తను ఎవరికి సాయం చేయాలని బయల్దేరాడో వాళ్ల పక్కనే గుడారం వేసుకోవాల్సి వస్తుంది. నేను ఆ పిల్లవాడికి చెప్పింది ఇదే. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా జిల్లాలవాళ్లకు ఈ విషయంలో ఒక మంచి ఉదాహరణ కళ్లముందే ఉంది, కాకపోతే దిశ అటునుంచి ఇటు. 1952లో స్పెయిన్ నుంచి ఇండియాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, 1968లో దేశం విడిచిపోవాల్సి వచ్చినా తిరిగి వచ్చి, 1969లో అనంతపురంలో ఆర్.డీ.టీ.ని మొదలుపెట్టాడు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు, బత్తలపల్లిలో సమాధి అయ్యాడు. అప్పట్లో ఆయన కరువు చూసి వచ్చాడు, కానీ నలభై ఏళ్లు ఉన్నాడు. తెలుగు ఊళ్ల పేర్లు ఆయన నోటికి వచ్చాయి. బయటి దేశంలో బలహీనులతో పనిచేయడం ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ కాల వ్యవధే.

ఆదోని పిల్లవాడు డబ్బు కట్టలేదు. డిపార్ట్‌మెంటుకు పోయి గంటల ఉత్తరం అడిగితే, ఫీల్డ్ వర్క్ డైరీలు చూపించమన్నారు. అతని దగ్గర పాత బస్టాండు పుస్తకం భద్రంగా ఉంది. జర్మన్ క్లాసుకు డబ్బు కూడబెట్టుకుంటూ, ఈలోగా శనివారాలు మా దగ్గరికి వస్తున్నాడు. ఆ పుస్తకాన్ని కేసు నోట్సుగా ఇంగ్లీషులో ఎట్లా రాయాలో ఇద్దరం కూర్చుని నేర్చుకుంటున్నాం. పోయిన వారం ఒక పేజీ దగ్గర ఆగాం. ఏడో ప్లాట్‌ఫారం చివర, బస్సుల వెనక ఉండే పెద్దాయన గురించి. మొదటి వారం: పేరు చెప్పలేదు, దుప్పటి వద్దన్నాడు. మూడో వారం: టీ తీసుకున్నాడు. ఐదో వారం: ఊరు కోసిగి అన్నాడు. తొమ్మిదో వారం: కొడుకున్నాడంట, ఫోన్ నెంబరు గుర్తు లేదు, చివరి మూడంకెలు తప్ప.